ఏడవని కుక్కపిల్ల

కారు అద్దాలకు ఆవిరి పట్టేసింది. తన ఊపిరే, ఇంకెవరిది, లోపల తను తప్ప ఎవరున్నారు గనక. కృపావతి కొంగు చివరతో అరచేయంత మేర తుడిచి చూస్తే కంకర పరిచిన ముంగిలి, సున్నం వేసిన పొడుగాటి ఇల్లు, మూసిన నీలం తలుపు అలాగే ఉన్నాయి. వాన కూడా అలాగే ఉంది, పడుతున్నట్టూ కాదు ఆగినట్టూ కాదు, మనిషికి తెలియకుండా తడిపేసే ఈ దేశపు వాన. ఆ నీలం తలుపు వెనక కూతురు లీలారాణి, అల్లుడు ప్రసన్న కుమార్, మనవరాలు అబిగేయిల్ ఆ కుక్కల ఆవిడను బతిమాలుకుంటూ ఉంటారు. తన మూలాన. నువ్వు కాసేపు కారులో కూచో అమ్మా, అంది లీల. కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. ఆస్పత్రిలో పెద్దవాళ్ళను మంచం మీద పక్కకు తిప్పేటప్పుడు వాడే గొంతుతో అంది, భుజాలు పట్టుకుని తీసుకొచ్చి కూచోబెట్టి బెల్టు కూడా పెట్టింది, కారు కదలదని తెలిసి కూడా. ఆ బెల్టు తీయటం కృపావతికి చేతనవును. తీయలేదు. పెట్టింది పెట్టినట్టే కూచుంది.

అసలు తను చేసిందేమిటి. నాన్న చేసినట్టే కదా చేసింది. వంటింట్లో పొయ్యి పక్కన పాత దుప్పటి మీద రెండు కుక్కపిల్లలున్నాయి, తెల్లగా, అప్పుడే ఏకిన దూది ఉండల్లా. మిగతావన్నీ ఎవరెవరో పట్టుకెళ్ళారట, ఇదే ఆఖరి ఈత అట, ఇక కుక్కల్ని ఈనించనని ఆవిడ చెబుతూ ఉంది. అబిగేయిల్ నేల మీద బోర్లా పడుకుని వాటి ముక్కులకు ముక్కు ఆనించి, ఏది కావాలో తేల్చుకోలేక తల ఇటు తిప్పి, యూ పిక్, అమ్మమ్మా, అంది. నువ్వే ఎంచు అని. ఇన్నేళ్ళలో ఈ దేశంలో ఏదైనా ఎంచమని తనను అడిగిందెవరు. ఆ సంతోషంలో ముందుకు వంగింది, ఒకదాని మెడ వెనక వదులు చర్మం వేళ్ళతో పట్టి గాల్లోకి లేపింది. అది కీచుమని అరిచింది. దాన్ని దించి రెండోదాన్ని లేపింది. అది అరవలేదు. నాలుగు కాళ్ళూ వేలాడేసుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని, సడీ చప్పుడూ లేకుండా వేలాడింది. ఇదే మంచిది, ఇది తీసుకోండి, అనబోతూ ఉంటే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చి దాన్ని లాక్కుంది. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. ఏమందో సగమే తెలిసింది. క్రూయల్ అన్న మాట మాత్రం తెలిసింది, చర్చిలో ఇంగ్లీషు ప్రసంగాల్లో సిలువ దగ్గరికి వచ్చినప్పుడు వినపడే మాట. ఆ మాట తనకా. ఈ చేతులకా.

చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. నాన్న చేతులు ఎప్పుడూ మండుతూ ఉండేవి, మిరపకాయ కళ్ళాలకు కాపలా ఆయన, ఎండబెట్టిన కాయల మధ్య గొంగడి పరుచుకుని పడుకునేవాడు, ఆ చేత్తో తన కన్ను నలిపితే రోజంతా నీళ్ళు కారేవి. కళ్ళానికి కుక్క కావాలంటే ఎక్కడ కుక్క ఈనిందో వాకబు చేసి తనను వెంటబెట్టుకు వెళ్ళేవాడు. ఒక్కొక్క పిల్లనీ మెడ పట్టి లేపి చూసేవాడు. అరిచింది పిరికిది, అరవనిది గట్టిది, చీకట్లో దొంగొస్తే నిలబడేది అదేనమ్మాయ్ అనేవాడు. తనకు తేలు కుట్టిన నాడు ఇంటిల్లిపాదీ గోల పెడుతుంటే తను పళ్ళు బిగించుకుని కూచుంది, అప్పుడు నాన్న అమ్మతో నవ్వుతూ, చూశావటే దీన్ని, కళ్ళానికి పనికొచ్చే పిల్ల, అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు తనకు ఎవరూ ఇవ్వలేదు. ఆ మెప్పు మీదే బతికింది కాబోలు. పెనిమిటి రాఘవులు పోయిన రోజున, లారీ బోల్తా పడి మనిషిని తెచ్చి వరండాలో పడుకోబెట్టిన రోజున, వచ్చిన ఆడవాళ్ళంతా తన మొహం చూసి ఎంత గట్టి మనిషమ్మా అన్నారు. చిన్నపిల్ల లీలను ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడి తను ఎవరి మొహమూ చూడలేదు, శవపెట్టె మీద వేసిన పూలలో చీమలు తిరుగుతుంటే వాటిని చూసింది. గట్టి మనిషి. ఆ పేరు పెట్టాక మళ్ళీ ఎవరూ ఎలా ఉన్నావని అడగరు. అది కూడా అప్పుడే తెలిసింది.

అద్దం మళ్ళీ మసకబారింది, మళ్ళీ తుడిచింది. తలుపు మూసే ఉంది. ఇంత సేపా. పిల్లకు కుక్క ఇవ్వనంటే ఎలాగ. నెల రోజులుగా ఇంట్లో కుక్కల మాటే కదా. అల్లుడు సోఫాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మ తర్వాత బొమ్మ చూపించటం, అబిగేయిల్ దాని మీద పడి చూడటం, నర్సు డ్యూటీ నుంచి వచ్చిన లీల కోటు కూడా విప్పకుండా వంక పెట్టటం. లీల షరతులు ముందే చెప్పేసింది, ఇల్లు చిన్నది గనక కుక్క చిన్నదై ఉండాలి, పిల్లకు ఆయాసం గనక బొచ్చు రాలకూడదు. పమేరియన్ అంటే సొంత ఊరు చీరాలలో డాక్టరు గారింటి కుక్క గుర్తొచ్చింది లీలకు, అది అరిస్తే ఊరంతా లేచేది, వద్దంది. జాక్ రసెల్ అయితే తోటంతా తవ్వి పోస్తుంది, అద్దెకిచ్చిన ఇంటాయన ఊరుకోడు. కావలియర్ కళ్ళు చూసి అందరూ కరిగిపోయారు గానీ ఆ జాతికి గుండె జబ్బులెక్కువ అని చదివి లీల లేచిపోయింది, పొద్దంతా వార్డులో గుండె జబ్బులే, ఇంటికొస్తే కుక్కకు కూడానా అంది. మొహం నిండా మీసాలున్న ఇంకొకటి వచ్చింది.

"అచ్చం మన పాస్టరు గారే," అన్నాడు ప్రసన్న కుమార్.

"ఆదివారం ఆయన ముందు అనండి చూద్దాం."

"ఇదిగో, చిహువాహువా. ఇది మాత్రం వద్దు. మీ అమ్మ ఎలకనుకుని చీపురు తీసుకుంటారు."

అందరూ నవ్వారు, తనూ నవ్వింది, బీన్స్ ఈనెలు తీస్తూ. ఇంట్లోకి కుక్కా, సోఫా మీదా, మంచం మీదా అని ఆశ్చర్యపడుతూనే నవ్వింది. అల్లుడు నవ్వి ఎన్నాళ్ళయిందో, అతను పనిచేసే ఫ్యాక్టరీ మూసేశాక మొదటిసారి ఏమో. చివరికి బిషాన్ అనే ఈ తెల్ల జాతి దగ్గర ఆగారు, బొచ్చు రాలదు, పిల్లలతో మంచిగా ఉంటుంది, ఒంటరిగా మాత్రం ఉండలేదు, అని ప్రసన్న కుమార్ పైకి చదివాడు. ఒంటరిగా ఉండలేదు అన్నచోట ఎవరూ ఆగలేదు. తన చేతిలో బీన్స్ కాయ ఒకటి ఆగింది.

ఎందుకంటే ఆ కుక్క ఎవరి బదులు వస్తున్నదో కృపావతికి తెలుసు. అబిగేయిల్ అన్నం మానేసింది కదా, అమ్మమ్మ వెళ్ళిపోతోందని తెలిసిన రోజు. పుట్టిన మూడో నెల నుంచీ తన పక్కలో పడుకున్న పిల్ల. తను మాట్లాడేదంతా దానికి తెలుస్తుంది, దాని జవాబులన్నీ ఇంగ్లీషే, ఆ జవాబుల్లో సగం తనకు తెలియవు, అయినా ఇద్దరికీ ఏనాడూ మాట తప్పిపోలేదు. ఆ పిల్ల పళ్ళెం తోసేస్తే లీల పక్కన కూచుని, నీకు కుక్కపిల్లను తెస్తాం నాన్నా, చిన్నది, నీ గదిలోనే పడుకుంటుంది, అంది. నీ గది అంటే తన గది. తన మంచం ఉన్న చోట దాని పరుపు వేస్తారు. అందులో లీల తప్పేముంది. పిల్ల ఏడుపు మాన్పించటానికి తల్లి ఏదో ఒకటి చెప్పాలి కదా.

తప్పు ఎవరిదంటే, ఎవరిదీ కాదు, లేకపోతే తన నోటిది. కూతురి ఇంట్లో ఉండే తల్లి అప్పుడప్పుడూ వెళ్ళిపోతానంటూ ఉండాలి. అది మర్యాద. ఎవరు నేర్పారని, అమ్మ నేర్పిందా, అమ్మమ్మ నేర్పిందా, పుట్టుకతో వచ్చినట్టు వచ్చింది. అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటాలే, వచ్చే ఏడు పంపించెయ్యండి, అనాలి. వాళ్ళు వెంటనే ఉండమనాలి. ఏందమ్మా ఎప్పుడూ అదే మాట, అని లీల విసుక్కునేది. మీరెళ్తే మా గతేంటి అత్తయ్యా, పిల్లనెవరు చూస్తారు, అని ప్రసన్న కుమార్ అనేవాడు. ఆ మాట వినటానికే కదా తను ఈ మాట అనేది. ఆకలేసినవాడు చెయ్యి చాపినట్టు అనేది, అది ఆకలని వాళ్ళకు తెలుసనుకుంది. ప్రార్థన కూటాల్లో ఎవరైనా ఎప్పుడెళ్తున్నారు ఆంటీ అంటే, నన్ను వెళ్ళనిస్తే కదమ్మా వీళ్ళు, అని ఎంత గొప్పగా చెప్పుకునేది. పోయిన వేసవిలో ఫ్యాక్టరీకి తాళం పడింది, గుండెలో వేసే సన్నటి గొట్టాలు చేసే ఫ్యాక్టరీ, మనుషుల గుండెలు ఆగిపోవటం మానేశాయా ఏమిటి అని తనకు అర్థమే కాలేదు. అల్లుడు ఇంట్లోనే ఉంటున్నాడు. పిల్లను బడికి తీసుకెళ్ళేది అతనే, తీసుకొచ్చేది అతనే, వంటింట్లో అలమర తలుపు తీయబోతే తన చెయ్యీ అతని చెయ్యీ ఒకేసారి దాని మీద పడేవి, ఇద్దరూ వెనక్కి తగ్గేవాళ్ళు. అలాంటి ఒక సాయంత్రం అన్నాల దగ్గర, అలవాటు చొప్పున, ఎన్నాళ్ళుంటాలే బాబూ ఇక్కడ, నన్ను పంపించెయ్యండి, అంది తను.

"సరే అత్తయ్యా. మీ ఇష్టం. ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఇక్కడ కట్టేశాం."

అతను తల ఎత్తలేదు. వెటకారం కాదు, విసుగు కాదు, ప్రేమతోనే అన్నాడు, అదీ బాధ. సంపాదన లేని ఇంట్లో అత్తగారిని ఉంచుకున్నానని సిగ్గుపడి అన్నాడు. లీల కంచం వైపు చూస్తూ ఉంది, ఏందమ్మా ఎప్పుడూ అదే మాట అంటుందేమో అని తను ఒక ముద్ద కలిపేంత సేపు చూసింది, ఇంకో ముద్ద కలిపేంత సేపు చూసింది. తర్వాత నవ్వి, అదే బాబూ, నాకూ మనవాళ్ళను చూడాలనుంది, అంది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం. మనవాళ్ళెవరు. చీరాలలో చర్చి వెనక గది, సరోజిని టీచరమ్మ ఉన్న గది, రాఘవులు పోయాక తనను కూచోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించిన గది. టీచరమ్మ పోయింది, గది ఖాళీగా ఉంది, ఉండొచ్చు అన్నారు. ఖాళీగా ఉందన్న మాటే లీలకు నిశ్చింత అయింది. టికెట్టు వచ్చే వారానికి. పెట్టెలు సర్దేశారు.

రోడ్డుకు అవతల పొలంలో ఇళ్ళు కనిపిస్తున్నాయి, తీగ కంచె వెనక వరసగా, కిటికీలకు అద్దాల్లేవు, తలుపుల్లేవు. కట్టేవాళ్ళు సగంలో వదిలేసి వెళ్ళారట, వచ్చేటప్పుడు అల్లుడు చూపించాడు, దారి పొడుగునా ఇవే అత్తయ్యా అన్నాడు. కాకులు ఒక కిటికీలోంచి దూరి ఇంకో కిటికీలోంచి వస్తున్నాయి. వాటి ఇల్లే అన్నట్టు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో తమ పక్కిల్లు కూడా ఇప్పుడు ఖాళీయే, ఆ కుర్రాడూ పెళ్ళామూ ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. వాళ్ళకొక ముసలి కుక్క ఉండేది, ఏ జాతో, ఏ జాతీ కాదేమో. ఇంట్లో అందరూ వెళ్ళాక అది కంచె సందులోంచి దూరి వెనక మెట్టు దగ్గర కూచునేది. తను పెరుగన్నం పెట్టేది. దాంతో చాలా మాట్లాడేది. మోకాలి నొప్పి గురించి, మిరపకాయల గురించి, రాఘవులు పాడే కీర్తనల గురించి. అది తల ఒక పక్కకు వంచి వినేది. దానికి పొద్దున్నుంచీ సాయంత్రం దాకా తెలుగే, వాళ్ళొచ్చాక ఇంగ్లీషు. వాళ్ళు వెళ్ళిన రోజు ఒక బండి వచ్చి దాన్ని తీసుకెళ్ళింది, అది కూడా అరవలేదు, బండిలో వెనక కిటికీ దగ్గర కూచుని ఇటే చూసింది. ఆ సాయంత్రం లీల, ఏంటమ్మా పెరుగు అలాగే ఉంది, అంది. ఆకలి లేదు అంది తను. ఇంకేం చెప్పాలి, కుక్క వెళ్ళిపోయిందని ఏడుస్తారా ఎవరైనా.

వంటింట్లో అడుగు పెట్టగానే ఆవిడ ఒక ప్రశ్న అడిగింది, ఇప్పుడు గుర్తొస్తోంది. పగలంతా ఇంట్లో ఎవరుంటారు అని. ఇది ఎంత తిండి తింటుందో, ఎక్కడ పడుకుంటుందో తర్వాత, ముందు అది చెప్పండి అన్నట్టు నిలబడి అడిగింది. వీటిని ఒంటరిగా వదలకూడదు, దిగులుపడతాయి, తిండి మానేస్తాయి, అంది. లోన్లీ అంది. ఆ మాట కృపావతికి తెలుసు. అబిగేయిల్ బడి పుస్తకంలో బొమ్మ కింద వేలు పెట్టి తను కూడబలుక్కుని చదివిన మాట, అదేంటని అడిగితే పిల్ల అర్థం చెప్పలేక, లైక్ వెన్ యూ సిట్ అట్ ద బ్యాక్ డోర్, అంది. నువ్వు వెనక తలుపు దగ్గర కూచుంటావే, అలా. పిల్లలు ఎక్కడెక్కడ నుంచి చూస్తుంటారో. నేనుంటానండి ఇంట్లో అని ప్రసన్న కుమార్ అన్నాడు ఆవిడతో, ఆ మాట అంటుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. కుక్కపిల్ల కోసం అంత నిక్కచ్చిగా అడిగే మనిషి. తనను చీరాల పంపేటప్పుడు విమానం ఆఫీసు వాళ్ళు అడగరు, పగలంతా ఇంట్లో ఎవరుంటారని.

ఏడవాలనిపించింది, రాలేదు. ఎలా ఏడవాలో మరిచిపోతారా మనుషులు. అబిగేయిల్ బడిలో పడి గడ్డం చీల్చుకుంది ఒకసారి, కుట్లు వేస్తుంటే బ్రేవ్ గర్ల్, బ్రేవ్ గర్ల్ అని అందరూ అంటుంటే పెదవులు బిగబట్టి వణికిపోతూ ఉంది. తను దాని తల పొట్టకు అదుముకుని, ఏడువు తల్లీ, ఏం కాదులే, ఏడువు, అంది. పిల్ల భోరుమంది. నర్సు తన వైపు అదోలా చూసింది. ఆ మాట తనకెక్కడిది. తనతో ఎవరూ అనని మాట తన నోట్లో ఎలా తయారైంది.

నీలం తలుపు తెరుచుకుంది. ముందు ప్రసన్న కుమార్, చేతిలో గొడుగు, గొడుగు కింద అబిగేయిల్, దాని కోటు గుండెల దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. ఇచ్చింది. కృపావతి గుండెలోంచి ఏదో బరువు దిగింది, వెంటనే ఇంకో బరువు ఎక్కింది, ఇక వచ్చే వారమే. వాళ్ళ వెనక లీలతో పాటు ఆవిడ కూడా తలకు ఏమీ కప్పుకోకుండా వానలోకి వచ్చింది, కారు దగ్గరకు వచ్చి అద్దం మీద తట్టింది. అద్దం ఎలా దించాలో తెలియక తను తడుముకుంటుంటే లీల ఇటు వైపు తలుపు తీసింది. ఆవిడ వంగి, మడత పెట్టిన పాత దుప్పటి ముక్క తన ఒళ్ళో పెట్టి చేతి మీద రెండు సార్లు తట్టింది, యూర్ గ్రాండ్, అంది, ఏం పర్లేదులే అన్నట్టు, యూర్ గ్రాండ్. దాని తల్లి పడుకున్న గుడ్డ అంటమ్మా, ఆ వాసన ఉంటే కొత్తచోట కొన్నాళ్ళు తట్టుకుంటుందంట, అని లీల చెప్పింది. ఇంట్లో పెట్టెలోంచి తన పాత చీర ఒకటి తీసి, మడిచి పక్కన పెట్టి వచ్చింది కృపావతి, అబిగేయిల్ కప్పుకుంటుందని, దాన్ని ఎవరికీ చెప్పలేదు.

కారులో అందరూ ఎక్కారు. ఆవిడ వాళ్ళ నాన్న గొర్రెపిల్లల్ని అలాగే లేపి చూసేవాడట అత్తయ్యా, మీ నాన్నగారి సంగతి లీల చెప్పేసరికి ఆవిడకు నవ్వొచ్చింది, అని ముందు సీట్లోంచి ప్రసన్న కుమార్ అన్నాడు. లీల స్టీరింగు వెనక కూచుని కీ తిప్పింది, వైపర్లు కదిలాయి. అబిగేయిల్ కోటు గుండీలు విప్పింది. లోపల ఉన్నది ఆ రెండోది, అరవనిది.

"ఇది ధైర్యం గలది కాదంటమ్మా," అంది లీల అద్దంలోంచి చూస్తూ. "భయమేస్తే ఇట్టా బిగుసుకుపోయిద్దంట. అరిచేదాన్నయితే ఎవరో ఒకరు చూస్తారు, దీనికి బాధయినా ఎవరికీ తెలియదు, దీన్ని ఇవ్వనని మొండికేసిందావిడ. నీ మనవరాలు ఇదే కావాలని కూచుంది."

"ఫీల్ హర్ హార్ట్, అమ్మమ్మా," అని అబిగేయిల్ తన చెయ్యి పట్టుకుని కుక్కపిల్ల పక్కటెముకల మీద పెట్టింది. పైకి రాయిలా ఉంది. బొచ్చు కింద మాత్రం గుండె, ఎంత చిన్న గుండె, ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంటోంది. ఇందాక గాల్లో వేలాడినప్పుడు కూడా ఇలాగే కొట్టుకుని ఉంటుంది. నాన్న లేపి చూసి మెచ్చుకున్న ప్రతి కుక్కపిల్లలోనూ. కృపావతి చెయ్యి తీయలేకపోయింది. పిల్ల కుక్క చెవి దగ్గరకు వంగింది, ఇంట్లో ఎవరితోనైనా, దేవుడితో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, ఈ ఊరి యాస అంతా నింపుకున్న తెలుగులో, మెల్లగా,

"ఏడువు తల్లీ. ఏం కాదులే. ఏడువు," అంది.

కారు కంకర మీద కదిలింది. గేటు దగ్గరపడుతోంది. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే ఇల్లు, ఇంట్లో సర్దిన పెట్టెలు, ఇంకెప్పుడూ ఎవరూ అడగరు, గట్టి మనిషి. అరచేతి కింద ఆ గుండె ఆగకుండా కొట్టుకుంటోంది, అది కుక్కదో తనదో తేడా తెలియటం లేదు.

"లీలా," అంది కృపావతి. గొంతు తనది కానట్టు వచ్చింది, సన్నగా, కీచుగా. "నాకు వెళ్ళాలని లేదమ్మా."

ప్రసన్న కుమార్ మెల్లగా వెనక్కి తిరిగాడు. లీల తిరగలేదు, అద్దంలోంచి కూడా చూడలేదు. కారును గేటు పక్కగా ఆపి, కీ తిప్పి ఇంజను కట్టేసింది, వైపర్లు సగంలో ఆగిపోయాయి. అప్పుడు అందరికీ వాన వినపడింది.